‘యాత్రికుని ప్రయాణం’ చదివినవాళ్లను ఏమని అడగాలి?

ప్రశ్న: నేను గుంటూరులో ఎం.ఏ. తెలుగు రెండో ఏడాది చదువుతున్నాను. ఇంగ్లండు రచయిత జాన్ బన్యన్ రాసిన ‘యాత్రికుని ప్రయాణము’ను మన పాఠకులు ఎలా తీసుకుంటున్నారన్నది నా ప్రాజెక్టు. చిన్నప్పుడు మా అమ్మమ్మ ఈ కథ చెప్పేది, అందుకే ఎంచుకున్నాను. ఇరవై ప్రశ్నలతో గూగుల్ ఫారం చేసి చర్చి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టాను. మొదటి ప్రశ్న, ‘ఈ పుస్తకం మీ ఆత్మీయ జీవితానికి ఎలా ఉపయోగపడింది?’ అరవై మంది దాకా నింపారు. అందరూ ‘చాలా బాగుంది’, ‘దీవెనకరంగా ఉంది’, ‘ఆత్మీయంగా బలపడ్డాను’ అనే రాశారు. దీంతో ఏం రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. ఇంకో వంద మందిని అడగమంటారా?

జవాబు:

వద్దమ్మా. ఇంకో వంద మందిని అడిగితే ఇంకో వంద ‘చాలా బాగుంది’లు వస్తాయి, అంతే.

నేను గుంటూరులో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి రిటైరయ్యాను. ఇదే పుస్తకం మీద ఇదే పని చేయబోయి, మీరు చేసిన పొరపాటే ఇంకాస్త ఘనంగా చేశాను. అప్పుడు వాట్సాప్ లేదు కాబట్టి తెలిసిన ఒక పాస్టర్ గారిని పట్టుకున్నాను. ఆయన ప్రేమగా ఆదివారం ఆరాధన అయ్యాక ప్రకటన చేశారు, ఈ పుస్తకం చదివినవాళ్లు ఉండండి, లెక్చరర్ గారు మాట్లాడతారని. పద్దెనిమిది మంది ఉండిపోయారు. ఒక్కొక్కరే లేచి, "ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అని మొదలుపెట్టారు. క్యాసెట్టు రెండు వైపులా నిండిపోయింది. ఇంటికొచ్చి విన్నాక తెలిసింది, అందులో పుస్తకం లేదు. వాళ్లు చెప్పింది సాక్ష్యం, అంటే దేవుడు తమకు చేసిన మేలు సంఘం ముందు చెప్పుకోవడం. తప్పు వాళ్లది కాదు. మందిరంలో, అయ్యగారి ఎదురుగా, రికార్డరు ముందు పెడితే ఎవరైనా సాక్ష్యమే చెబుతారు.

మీ ఫారంలోనూ జరిగింది అదే. ‘ఎలా ఉపయోగపడింది’ అని అడిగారంటే ఉపయోగపడిందని మీరే తేల్చేశారు. పైగా ఆ లింకు వచ్చింది చర్చి గ్రూపులో. అక్కడ ‘నాకు మధ్యలో విసుగొచ్చి పక్కన పడేశాను’ అని ఎవరు రాస్తారు?

ఇంకో సంగతి. ఈ పుస్తకం పుట్టిన రోజు నుంచీ పాఠకులు దీని మీద ఒక్క మాట మీద లేరు. లైసెన్సు లేకుండా ప్రసంగాలు చేస్తున్నాడని బన్యన్‌ను 1660లో జైల్లో పెట్టారు, పన్నెండేళ్లు ఉంచారు. 1678లో మొదటి భాగం అచ్చయింది. దానికి ముందుమాటగా ఆయన రాసుకున్న పద్యాల్లోనే ఉంది, రాతప్రతి నలుగురికీ చూపిస్తే కొందరు అచ్చేయించమన్నారట, కొందరు వద్దన్నారట. మంచి జరుగుతుందని కొందరు, జరగదని కొందరు. వాళ్ల అభ్యంతరం కూడా తమాషాగా ఉంటుంది: దేవుడి సంగతులు కట్టుకథలా చెప్పొచ్చా అని. ఇంతకంటే పాత పాఠకుల స్పందన మీకు దొరకదు, అదీ రచయిత నోటి నుంచే. అంత వాదన నడిచిన పుస్తకం గురించి అరవై మందీ ఒకే మాట అన్నారంటే లోపం ప్రశ్నల్లో ఉందనే అనుకోవాలి.

కాబట్టి బాగుందా అని అడగొద్దు. ఎక్కడ ఆగారో అడగండి. ఎక్కడ పుస్తకం మూశారు, ఎక్కడ వెనక్కి తిప్పారు, ఎక్కడ కోపం వచ్చింది, ఎక్కడ పక్కవాళ్లకు చదివి వినిపించారు. ఈ పుస్తకంలో పాఠకులు తప్పకుండా ఆగే చోట్లు నాలుగైదు ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది మొదటి పేజీల్లోనే ఉంది.

కథానాయకుడు వీపు మీద పాపభారపు మూటతో ఊరు వదిలి పరలోకపు దారి పట్టి పరుగెడతాడు. పెళ్లాం పిల్లలు వెనక నుంచి ఏడుస్తూ పిలుస్తుంటే చెవుల్లో వేళ్లు పెట్టుకుని, ‘జీవం, జీవం, నిత్యజీవం’ అని అరుచుకుంటూ పోతాడు. అమెరికాలో మార్క్ ట్వేన్ నవలలోని హక్ ఫిన్ అనే కుర్రాడు ఈ పుస్తకాన్ని ఒకరింట్లో తిరగేసి, ఇది ఇల్లు వదిలి పోయిన ఒకాయన కథ, ఎందుకు పోయాడో చెప్పలేదు అంటాడు. నవ్వుకోవడానికి రాసిన మాటే గానీ మన ఊళ్లో ఆడవాళ్లు నాతో అన్నది దాదాపు అదే. బ్రాడీపేటలో ఒక టీచరమ్మ, ఆవిడ పుట్టుకతో లూథరన్ సంఘస్థురాలు, "పాపభారం ఆయనొక్కడికేనా, ఆ నలుగురు పిల్లల్ని ఆవిడేం పెట్టి పెంచింది?" అంది. విజయవాడ ఆటోనగర్‌లో లారీ నడిపే ఆయన భార్య నవ్వేసింది. "మా ఆయనా అంతే సార్, లోడు దొరికితే చెవుల్లో వేళ్లే." క్రైస్తవురాలు కాని మా సహోద్యోగిని వెంటనే సిద్ధార్థుణ్ణి తెచ్చింది, ఆయనా అర్ధరాత్రి చెప్పకుండానే వెళ్లాడు కదా అని. ఎనభై దాటిన ఒక పాతకాలపు బైబిల్ స్త్రీ (ఇల్లిల్లూ తిరిగి బైబిలు చెప్పే ఆవిడ) మాత్రం మా అందరినీ కోప్పడింది. "పిలిచాడు నాయనా. వాళ్లే రాలేదు. చదవకుండా మాట్లాడకండి."

ఆవిడ మాట నిజం. వెళ్లేముందు ఇంట్లో చెప్పాడు, నచ్చజెప్పాడు, వాళ్లు పిచ్చెక్కిందనుకున్నారు. తర్వాత ఒక భవనంలో ‘ప్రేమ’ అనే పేరున్న అమ్మాయి, మరి నీ కుటుంబాన్ని ఎందుకు తీసుకురాలేదని నేరుగా అడిగితే ఏడుస్తాడు కూడా. ఈ రెండో ఘట్టం గుర్తున్నవాళ్లు పుస్తకం చదివినవాళ్లు. మొదటిది మాత్రమే గుర్తున్నవాళ్లు చాలావరకు సండే స్కూల్లోనో ప్రసంగంలోనో విన్నవాళ్లు. నేను అడగకుండానే ఎవరు చదివారో ఎవరు విన్నారో దీంతో పట్టుకునేవాణ్ణి. విన్నవాళ్లను తీసేయమని కాదు. మన దగ్గర ఈ కథ కాగితం మీద కంటే నోటి మీద ఎక్కువ బతికింది. కానీ ఇద్దరినీ ఒకే గంపలో వేయకండి.

ఇక్కడే ఇంకో ముఖ్యమైన విషయం: మీ పాఠకుల చేతిలో ఉన్నది ఏ ప్రతి? 1684లో బన్యన్ రెండో భాగం రాశాడు. అందులో ఆ భార్యే నలుగురు కొడుకుల్నీ, పక్కింటి అమ్మాయినీ వెంటబెట్టుకుని అదే దారిలో బయల్దేరుతుంది. మొదటి భాగం ఒక్కటే చదివిన ఆవిడకూ రెండూ చదివిన ఆవిడకూ కోపం ఒకేలా ఉండదు. పిల్లల కోసం బొమ్మలతో కుదించిన పుస్తకమా, పూర్తి పాఠమా? బన్యన్ స్వయంగా పేజీ అంచుల్లో రాసిన చిన్న నోట్సు, బైబిల్ రిఫరెన్సులు ఉన్నాయా, తీసేశారా? రిఫరెన్సు కనబడితే మన పెద్దవాళ్లు కథ ఆపి బైబిలు తీస్తారు. అది వేరే రకం చదువు. ప్రతి ఒక్కరి దగ్గరా టైటిల్ పేజీ ఫొటో తీసుకోండి. పాత్రల పేర్లు కూడా ఆ ప్రతిలో ఉన్నట్టే వాడండి. నేనిక్కడ చెబుతున్నవి నా మాటల్లో చెబుతున్నవి.

పాత ప్రతుల కోసం విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపులు ఒకసారి తిరగండి. దొరకొచ్చు, దొరక్కపోవచ్చు. దొరికితే మొదటి ఖాళీ పేజీ చూడండి, ‘వార్షిక పరీక్షలో ప్రథమ బహుమతి’ అనో, పెళ్లికానుక అనో రాసి ఉంటుంది. పెన్సిలు గీతలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిపోయాయో చూడండి. సగం పుస్తకం దగ్గర గీతలు ఆగిపోతే ఆ పాఠకుడు ఏ ఫారంలోనూ చెప్పని నిజం అక్కడ చెప్పినట్టే. బుక్ ఎగ్జిబిషన్‌లో కొత్తది కొన్నా ఇంత సమాచారం రాదు.

ఇక మనుషులు. పన్నెండు మంది చాలు, పదిహేను అయితే ఎక్కువే. కానీ అందరూ ఒకే సంఘం వాళ్లు కాకూడదు. గుంటూరులో హేయర్ అనే మిషనరీ దొర 1842లో వచ్చినప్పటి నుంచీ లూథరన్లు ఉన్నారు, వాళ్ల ఇళ్లలో ఈ పుస్తకం తాతల ఆస్తిలా వస్తుంది. పెంతెకొస్తు వాళ్లు, స్వతంత్ర సంఘాల వాళ్లు దీన్ని యూట్యూబ్ ప్రసంగాల్లో వింటున్నారు. విజయవాడ సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) వాళ్లు వేరు. గుణదల వైపు ఆర్‌సీఎం కుటుంబాలు, అంటే రోమన్ కథోలికులు, వేరు. క్రైస్తవులు కానివాళ్లు ఇద్దరు ముగ్గురైనా ఉండాలి. జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన ఊరు మనది, క్రీస్తు కథను సాహిత్యంగా చదివే హిందువులు ఇక్కడ కొత్త కాదు.

కథోలికుల దగ్గరకు వెళ్లేముందు ఒక జాగ్రత్త. కథలో మరణాంధకారపు లోయ చివర గుహలో ఇద్దరు రాక్షసులుంటారు. ఒకడి పేరు అన్యమతం, వాడు ఎప్పుడో చచ్చాడు. రెండోవాడి పేరు పోప్. ముసలైపోయి, కీళ్లు పట్టేసి, గుహ ముందు కూర్చుని గోళ్లు కొరుక్కుంటుంటాడు. బన్యన్ తన కాలపు ఇంగ్లండు తగాదా అక్కడ పెట్టాడు. మీ ప్రతిలో ఆ పేరా ఉందో లేదో చూసుకోండి. ఉంటే ముందే చెప్పి ఇవ్వండి. నేను చెప్పకుండా ఒక పెద్దాయనకు ఇచ్చాను. పుస్తకం తిరిగిచ్చేటప్పుడు ఆయన ఏమీ అనలేదు, కాఫీ కూడా ఇచ్చారు, కానీ మళ్లీ ఫోన్ ఎత్తలేదు. అదే గుహ దగ్గర హిందూ మిత్రుడు, "మమ్మల్ని ముందే చంపేశాడన్నమాట" అని నవ్వి పేజీ తిప్పాడు. ఒకే పేరా, రెండు ఇళ్లు.

చదివించే పద్ధతి చెబుతాను. మొత్తం పుస్తకం ఇచ్చి నెల తర్వాత రండి అంటే ఎవరూ చదవరు. ఐదు ఘట్టాలు ఎంచుకోండి: ఇల్లు వదలడం, ఊబి, సంత, సందేహాల కోట, చివరి నది. ఒక్కోటీ ఒక్కో వారం. పెన్సిలు ఇచ్చి, ఆగాలనిపించిన చోట గీత పెట్టమనండి, కారణం రాయక్కర్లేదు. తర్వాత మీరు వెళ్లి ఆ గీత చూపించి, "ఇక్కడ ఏమైంది?" అని మాత్రం అడగండి. ఆ రెండు మాటల ప్రశ్న మీ ఇరవై ప్రశ్నల కంటే ఎక్కువ పని చేస్తుంది. ఇంటికే వెళ్లండి, మందిరానికి కాదు. పాస్టర్ గారి ద్వారా పరిచయమైతే మొదటి రోజు సాక్ష్యం వస్తుంది, రానివ్వండి, వినండి, రెండో రోజు మళ్లీ వెళ్లండి. అసలు మాటలు రెండో రోజే మొదలవుతాయి.

ఇంకో ప్రశ్న బాగా పనిచేసింది. ఇందులో పాత్రల పేర్లే వాళ్ల గుణాలు కదా, లోకజ్ఞాని, వాగుడుకాయ, మొండివాడు అంటూ. "వీళ్లలో మీ వీధిలో ఎవరున్నారు?" అని అడిగేవాణ్ణి. అంతవరకూ తలూపుతూ కూర్చున్నవాళ్లు కుర్చీ ముందుకు జరుపుకునేవారు. వాగుడుకాయకు ప్రతి సంఘంలోనూ ఒక పేరు సిద్ధంగా ఉంది! (ఆ పేర్లు నోట్సులో కూడా రాసుకోకండి.) గుణాలు మనుషులై నడిచే కథ తెలుగువాళ్లకు కొత్తేమీ కాదు. పదిహేనో శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగన సంస్కృతం నుంచి ‘ప్రబోధచంద్రోదయము’ తెచ్చారు, అందులో వివేకుడు, మహామోహుడు యుద్ధానికి దిగుతారు. తత్వాలు పాడుకునే ఇళ్లలో పెరిగినవాళ్లు బన్యన్ మూటను ఒక్క క్షణంలో అర్థం చేసుకుంటారు. ఆ మాటకొస్తే మిర్చి యార్డులో పనిచేసిన ఒకాయన అసలు అర్థం జోలికే పోలేదు. "మూట ఎన్ని కిలోలండీ? మా టిక్కీ నలభై పైనే" అన్నాడు (టిక్కీ అంటే మిర్చి బస్తా). నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది, తర్వాత ఆయన మాట్లాడటం తగ్గించాడు.

ఐదు ఘట్టాలూ చదివించడం అయ్యాక మూడు వారాలు ఆగి చివరి పని: కథ తిరిగి చెప్పించండి. మీకు కాదు, ఇంట్లో పిల్లలకు. బార్ట్‌లెట్ అనే ఇంగ్లండు మనస్తత్వ శాస్త్రవేత్త 1932లో వచ్చిన పుస్తకంలో చూపించాడు, పరాయి జాతి జానపద కథను అక్కడి విద్యార్థులు కొన్నాళ్లకు తిరిగి చెబితే తెలియని వస్తువులు పోయి తెలిసినవి వచ్చి చేరాయి. మన దగ్గరా అదే. మీరు చూడాల్సింది ఏది పోయింది, ఏది వచ్చి చేరింది అని. కథలో సిలువ దగ్గర మూట జారిపోయాక యాత్రికుడికి ముద్ర వేసిన ఒక కాగితపు చుట్ట ఇస్తారు. కొండ ఎక్కుతూ నిద్రపోయి దాన్ని పోగొట్టుకుంటాడు, వెనక్కి వెళ్లి వెతుక్కుంటాడు, చివర గుమ్మం దగ్గర చూపిస్తాడు. ఆఫ్రికాలో ఈ పుస్తకం ఎలా తిరిగిందో పరిశోధించిన ఇసబెల్ హాఫ్‌మైర్ 2004లో వచ్చిన తన పుస్తకంలో ఈ పత్రాల మీద ఒక అధ్యాయమే రాసింది, పాస్‌పోర్టులా స్వర్గానికి కాగితం అన్న ఊహ మీద. నేను అది చదవకముందే తాడేపల్లిలో ఒక తాతయ్య మనవడికి కథ చెబుతుంటే విన్నాను. "గుమ్మం దగ్గర ఆధార్ అడిగారు రా. ఈయన దగ్గరుంది. వెనకొచ్చినోడి దగ్గర లేదు. ఎళ్లగొట్టారు."

ఆ వెనకొచ్చినవాడి దగ్గర తప్పక ఆగండి. అజ్ఞాని అని పేరు. పాపం దారంతా నడిచి, పడవ మీద నది దాటి, గుమ్మం దాకా వస్తాడు. కాగితం లేదని కాళ్లూచేతులూ కట్టి నరకం దారిలో తోసేస్తారు. పరలోకపు గుమ్మం నుంచి కూడా నరకానికి దారి ఉందని చూశానంటాడు ఈ కథంతా కలలో చూసి చెబుతున్నవాడు, అంతటితో కల అయిపోతుంది. ఇది న్యాయమేనా అని అడిగితే సాక్ష్యాలు ఆగిపోయి వాదనలు మొదలవుతాయి. మా ఇంటి వరండాలో ఒక యవ్వనస్తుల కూడిక పిల్లలు దీని మీద రాత్రి పదింటి దాకా కొట్టుకున్నారు.

చివరి నదికి వంతెన లేదు. లోతు కూడా ఒక్కటే కాదు, నమ్మినంత మేర తగ్గుతుంది, పెరుగుతుంది. యాత్రికుడు మునిగిపోతుంటే తోటివాడు తల పైకెత్తి పట్టుకుంటాడు, కాళ్లకు నేల తగులుతోందని చెబుతాడు. హిందూ పాఠకులు వైతరణి అంటారు, అనుకున్నదే. కానీ 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగాక అక్కడి ఒకావిడకు ఈ ఘట్టం చదివించాను. ఆవిడ మోక్షం గురించీ మరణం గురించీ ఒక్క మాట అనలేదు. "నేల తగిలిందని ఎవరైనా చెప్తే చాలండీ ఆ టైంలో" అని పుస్తకం మూసేసింది. నేనూ ఇంకేమీ అడగలేదు. మీరు గుంటూరు వాళ్లను, విజయవాడ వాళ్లను విడివిడిగా చదివిస్తే ఈ ఘట్టం దగ్గర తేడా కనబడొచ్చు, చూడండి.

సిద్ధాంతం గురించి కంగారు పడకండి, మీ గైడు గారు అడుగుతారు కాబట్టి రెండు ముక్కలు. ఇంగ్లండు విమర్శకుడు ఐ.ఎ. రిచర్డ్స్ 1929లో వచ్చిన పుస్తకంలో, కవి పేరు చెప్పకుండా పద్యాలిచ్చి విద్యార్థులు రాసిన వ్యాఖ్యల్ని పరిశీలించాడు. పేరు తెలిస్తే భక్తి అడ్డొస్తుందని ఆయనకు తెలుసు. మన పుస్తకానికి అది ఇంకా వర్తిస్తుంది, ఒక ఘట్టాన్ని పేరు లేకుండా జిరాక్స్ తీసి ఇచ్చి చూడండి. లూయీ రోజెన్‌బ్లాట్ అనే అమెరికా విమర్శకురాలు చదువులో రెండు కొసలు చెప్పింది: ఏదైనా పట్టుకుపోవడానికి చదవడం, ఆ క్షణంలో అనుభవించడానికి చదవడం. మీ అరవై ఫారాలూ మొదటి కొసన ఉన్నాయి. జానిస్ రాడ్వే అనే అమెరికా పరిశోధకురాలు 1984లో ఒకే ఊరి ఆడవాళ్లతో కూర్చుని వాళ్లు ప్రేమ నవలలు ఎందుకు చదువుతారో రాసింది, మీ పనికి నమూనాగా అన్నిటికంటే దగ్గరది అదే. జర్మన్ విమర్శకుడు ఐజర్ రాసిన ‘ది ఇంప్లైడ్ రీడర్’ పుస్తకంలో మొదటి అధ్యాయం బన్యన్ మీదే ఉంది, కష్టంగా ఉంటుంది, వీలైతేనే చదవండి. మన అలంకారశాస్త్రం రసజ్ఞుడైన పాఠకుణ్ణి పిలిచే ‘సహృదయుడు’ అనే మాట వాడాలనిపిస్తుంది. వాడండి గానీ, సహృదయుడు విసుక్కోడు, మీ పాఠకులు విసుక్కుంటారు. ఆ తేడా రాయండి.

ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మీ పాఠకులెవరో బయటపడకుండా ఉండాలంటే పేర్లు మార్చడం చాలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, తర్వాత చేర్చిన సిక్కులకు, బౌద్ధులకు మాత్రమే. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి కిందకు వస్తారు. సర్టిఫికెట్‌లో ఒకటి, ఆదివారం ఒకటి ఉన్న ఇళ్లు ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ప్రాజెక్టులో ‘ఫలానా పేటలో ఉండే, ఫలానా ఆఫీసులో పనిచేసే క్రైస్తవ పాఠకుడు’ అని రాస్తే ఆ పేటలో అందరికీ తెలిసిపోతుంది. పేట, ఉద్యోగం, వయసు మూడూ కలిపి ఎక్కడా ఇవ్వకండి. నేను పైన చెప్పినవాళ్ల వివరాలు కూడా కొన్ని మార్చే చెప్పాను. రికార్డింగుకు ముందే అనుమతి అడగండి, పని అయ్యాక తుడిచేస్తామని చెప్పండి, చెప్పినట్టు తుడిచేయండి.

ఆ అరవై ఫారాలు పారేయకండి. ఒక చిన్న అధ్యాయం వాటికివ్వండి: చర్చి గ్రూపులో అడిగితే ఇలా వచ్చింది, ఇంట్లో అడిగితే అలా వచ్చింది అని పక్కపక్కన పెట్టండి. మిమ్మల్ని పరీక్షించడానికి వచ్చేవాళ్లు దాని మీదే ఎక్కువ అడుగుతారు.

మొదలు మాత్రం మీ అమ్మమ్మగారి దగ్గరే పెట్టండి. ఇంటర్వ్యూ అనొద్దు. ఇంట్లో చిన్నపిల్లలెవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టి, ఆ కథ మళ్లీ చెప్పమనండి. మీరు మధ్యలో సరిదిద్దకండి. ఆవిడ ఆ పెళ్లాం పిల్లల్ని ఊళ్లోనే వదిలేస్తారో, వెంట తీసుకెళ్తారో విని నాకు రాయండి.